గోదావరి మొగల్లో మడ అడవుల బలహీనతను ఎలా లెక్కగట్టాలి? నాటే ముందు ఏం కొలవాలి?

లంకగాలి
గోదావరి సముద్రంలో కలిసే మొగల్లో, కోరంగి, గాడేరు, నీలరేవు పాయల చుట్టూ ఉన్న మడ అడవుల మీద ఊళ్ల స్థాయిలో ఒక నివేదిక తయారవుతోంది. సముద్రమట్టం పెరుగుదల, వేడి, తుఫానులు, ఉప్పు, వీటిలో ఏ ముక్కకు ఏది పెద్ద ముప్పో అందులో తేల్చాలి. దొరికే పటాలన్నీ తీరరేఖను ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో చూపించి ఊరుకుంటున్నాయి. ఒక ఏరుకు ఇవతలి ఒడ్డున చెట్టు బాగుంటుంది, అవతలి ఒడ్డున ఎండిపోతుంది. రంగు మాత్రం రెండింటికీ ఒకటే. పనికొచ్చే కొలతలు ఏవి, వాటిని ఎలా తీయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

డెల్టా_మట్టి
ముందు ఆ రంగులు ఎక్కణ్నుంచి వస్తాయో చూద్దాం. తీర బలహీనత సూచికలో తీర స్వరూపం, తీరపు వాలు, సముద్రమట్టం పెరిగే వేగం, ఒడ్డు కోతకు గురయ్యే వేగం, ఆటుపోట్ల ఎత్తు తేడా, అలల ఎత్తు అనే అంశాలకు 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. అన్నీ గుణించి, అంశాల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీస్తారు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) 2012లో దేశం మొత్తానికీ ఇచ్చిన పటాల్లో నేల ఎత్తును కూడా కలిపి ఏడు అంశాలు తీసుకున్నారు.

మన తీరానికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె. నాగేశ్వరరావు బృందం చేసిన పని 2008లో వచ్చింది. వాళ్లు లెక్కించిన 1,030 కిలోమీటర్ల తీరంలో 43 శాతం అత్యధిక ముప్పులోను, మరో 35 శాతం అధిక ముప్పులోను ఉన్నాయని తేలింది. మట్టం 0.59 మీటర్లు పెరిగితే దాదాపు 565 చదరపు కిలోమీటర్లు కొత్త పాటు (పోటు దిగినప్పటి నీటి) మట్టానికి కూడా కిందికి పోతాయన్నారు. అందులో 150 దాకా కృష్ణా గోదావరి డెల్టా భాగమే.

ఏ మండలం మీద ముందు దృష్టి పెట్టాలో చెప్పడానికి ఈ సూచిక చక్కగా పనిచేస్తుంది. ఏ ఏరు ఒడ్డున ఏ చెట్టు ఎందుకు చస్తోందో మాత్రం అది చెప్పలేదు, ఎందుకంటే మట్టిలోని ఉప్పు, వచ్చే ఒండ్రు, నీళ్లు నిలిచే కాలం అందులో లేనే లేవు.

కెరటం_పోటు
ఒక జాగ్రత్త చెప్పాలి. ఆటుపోట్ల తేడాకు మార్కులు వేయడంలో రెండు పద్ధతులున్నాయి, అవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఇలాంటి సూచికను మొదట రూపొందించిన పరిశోధకురాలు గోర్నిట్జ్ పద్ధతిలో తేడా ఎక్కువుంటే ముప్పు ఎక్కువ. 1999 నుంచి అమెరికా భూగర్భ సర్వే వాడుతున్న పద్ధతిలో తేడా తక్కువుంటేనే ముప్పు ఎక్కువ. తేడా తక్కువున్న తీరంలో నీళ్లు ఎప్పుడూ పోటు మట్టానికి దగ్గరగానే ఉంటాయి కాబట్టి తుఫాను ఏ గంటకు వచ్చినా నష్టం తప్పదన్నది వాళ్ల వాదన.

కాకినాడ దగ్గర పున్నమి, అమావాస్య రోజుల్లో పోటుకూ పాటుకూ తేడా సుమారు మీటరున్నర. అమెరికా సర్వే పద్ధతిలో దీనికి 4 మార్కులు, గోర్నిట్జ్ పద్ధతిలో 2. ఉదాహరణకు మిగతా మార్కులు 5, 5, 3, 4, 3 అనుకుందాం. 4 వేస్తే సూచిక 24.5 వస్తుంది, 2 వేస్తే 17.3. అదే నేల, అదే సముద్రం, రంగు మాత్రం మారిపోతుంది. నివేదికలో ఏ పద్ధతి వాడారో మొదటి పేజీలోనే రాయండి. రెండు వేర్వేరు నివేదికల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకండి.

డెల్టా_మట్టి
కెరటం గారు చెప్పినది నిజం. బంగాళాఖాతం ఒడ్డుకు నేనైతే అమెరికా సర్వే పద్ధతే వాడతాను. ఇక్కడ నష్టం చేసేది తుఫాను ఉప్పెన, అది ఎప్పుడు వస్తుందో మనం ఎంచుకోలేం. 1977 దివిసీమ, 1996 కోనసీమ చూసిన తీరానికి వేరే వాదన అక్కర్లేదు.

గాడేరు_ఒడ్డు
అసలు కొలవాల్సింది మట్టిలోని నీటి ఉప్పదనం. చాలామంది ఏట్లో నీళ్లు తీసి రిఫ్రాక్టోమీటర్‌లో (ఉప్పదనం చూపే చేతి పరికరం) చూసి అంకె రాసేస్తారు. చెట్టు వేరు తాగేది ఏటి నీళ్లు కాదు, మట్టి సందుల్లో ఉన్న నీళ్లు. వేసవిలో ఏట్లో 34 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటిలో ఉప్పు పాళ్లు) ఉన్నప్పుడు వందగజాల లోపల చవుడు మేటలో 80 కూడా ఉండొచ్చు.

ముప్పావు అంగుళం పీవీసీ పైపు తీసుకోండి. అడుగు చివర మూత బిగించి, దానికి పైన 5 సెంటీమీటర్ల మేర సన్నటి రంధ్రాలు పెట్టి, నైలాన్ గుడ్డ రెండు చుట్లు చుట్టి కట్టండి. రంధ్రాలున్న భాగం 30 సెంటీమీటర్ల లోతున ఉండేలా దించండి. పైపు చుట్టూ జిగురు మట్టిని కాలితో గట్టిగా తొక్కాలి. లేకపోతే పోటు నీళ్లు పైపు పక్కనుంచి జారి లోపలికి దిగుతాయి, అప్పుడు మీరు కొలిచేది మళ్లీ ఏటి నీళ్లే అవుతుంది. పైకొసకు కూడా మూత తప్పనిసరి.

కొలిచే రోజున పైపులో అప్పటికే ఉన్న నీళ్లను సిరంజితో పూర్తిగా తోడి పారబోయండి. మళ్లీ ఊరినవే తీసుకోవాలి. జిగురు నేలలో దానికి గంటో రెండు గంటలో పట్టవచ్చు. ఆ నీళ్లు బురదగా ఉంటే రిఫ్రాక్టోమీటర్‌లో నీలం, తెలుపు మధ్య గీత మసకగా కనిపిస్తుంది కాబట్టి ఫిల్టర్ పేపరు గుండా వడకట్టి రెండు చుక్కలు వేయండి. 0 నుంచి 100 పీపీటీ దాకా చూపించే పరికరమే కొనాలి. ప్రతి పూటా డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా సరిచూడాలి. వాటిలో ఉండే ఉష్ణోగ్రత సవరణ సాధారణంగా 10 నుంచి 30 డిగ్రీల మధ్యే నమ్మదగినది. మే నెల ఎండలో పడవ మీద పెట్టిన పరికరం అంతకంటే చాలా వేడెక్కుతుంది, అంకె తప్పుతుంది. తడిగుడ్డలో చుట్టి నీడన ఉంచండి.

ఏడాదికి రెండుసార్లు తప్పనిసరి. ఒకటి మే నెలలో, ఎందుకంటే జనవరి తర్వాత ధవళేశ్వరం బ్యారేజీ దాటి కిందికి వచ్చే మంచినీళ్లు నామమాత్రం. ఇంకొకటి వరద తీశాక సెప్టెంబరులో. ఈ రెండు అంకెల మధ్య తేడాయే ఆ ముక్క గురించి చాలా చెబుతుంది. వరద వచ్చినా ఉప్పు దిగని చోట నీళ్ల రాకపోకలు తెగిపోయాయని అర్థం. అక్కడ జబ్బు సముద్రమట్టానిది కాదు, కాలువది.

లంకగాలి
గాడేరు గారూ, ఉపగ్రహ చిత్రాల్లో అడవి మధ్యలో తెల్లగా బోడి మచ్చలు కనిపిస్తున్నాయి. చుట్టూ చెట్లున్నాయి, మధ్యలో ఏమీ లేదు. ఇవి మట్టం పెరగడం వల్ల మునిగినవా, ఎండినవా? అక్కడ నాటొచ్చా?

మడనారు
నాటకండి. కనీసం ఇప్పుడే వద్దు.

ఆ మచ్చల్లో చాలావాటి కథ పాతది. ఒకప్పుడు కూపుల లెక్కన, అంటే అడవిని భాగాలు చేసి ఒక్కో భాగాన్ని మొత్తంగా నరికిన చోట నేల ఎండకు తెరుచుకుంది. తడి ఆరి, కుంగి, పళ్లెంలా గుంట పడింది. పెద్ద పోటుకు నీళ్లు లోపలికి ఎక్కుతాయి, పాటుకు బయటికి పోలేవు. నిలిచి ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. ఏటేటా ఇదే. ఇప్పుడు వేసవి వేడి పెరిగి, వాన పడే రోజులు తగ్గి, పడినప్పుడు ఒక్కసారిగా పడుతుంటే ఆ గుంటల్లో ఉప్పు కడిగే అవకాశం ఇంకా తగ్గుతుంది. వాతావరణ మార్పు ఇక్కడ పాత గాయాన్ని మాననివ్వడం లేదు.

దీనికి చేపముల్లు కాలువలే మందు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ వాళ్లు తమిళనాడులోని పిచ్చవరంలో మొదలుపెట్టి, తర్వాత కృష్ణా, గోదావరి మొగల్లోనూ ఊరి సంఘాలతో, అటవీశాఖతో కలిసి చేసిన పద్ధతి ఇది. దగ్గరి ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా 45 డిగ్రీల కోణంలో పిల్ల కాలువలు. మొదలుపెట్టడానికి పెద్ద కాలువ పైన 3 మీటర్లు, అడుగున 1 మీటరు, లోతు మీటరు లోపు అనుకోండి. పిల్ల కాలువలకు ఇందులో సగం చాలు. గట్లు నిలువుగా కోయకూడదు. పైన వెడల్పుగా, అడుగున ఇరుగ్గా ఉంటేనే గట్టు కూలి పూడదు.

ఇది పాడయ్యే చోట్లు మూడు. మొదటిది మట్టం. కాలువ అడుగు ఏటి వైపు వాలాలి. కంటిచూపుతో తవ్వితే మధ్యలో గుంట పడి నీళ్లు నిలుస్తాయి. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో ప్రతి 10 మీటర్లకు మట్టం చూసి మేకు కొట్టి తవ్వండి. రెండోది తవ్విన మట్టి. దాన్ని గట్టు మీదే వరసగా పోస్తే అది అడ్డకట్ట అయి పోటు నీళ్లను పక్కకు పాకనివ్వదు. దూరంగా పరిచెయ్యాలి, లేదా అక్కడక్కడా తెంపులు వదలాలి. మూడోది పూడిక. ఏడాదికోసారి, వరద తర్వాత, మొగ దగ్గర చేరిన ఒండ్రు తీయకపోతే మూడు నాలుగేళ్లలో పని మొత్తం వృథా. నివేదికలో నాటే ఖర్చు రాసి పూడికతీత ఖర్చు రాయకపోతే ఆ పని చేయకపోవడమే మేలు.

కాలువ తవ్వాక ఒక వానకాలం ఆగి ఉప్పు చూడండి. 70 పీపీటీ దాటి ఉంటే ఇంకా ఆగాలి. దిగాక తెల్ల మడ పెట్టొచ్చు. ఉప్పును బాగా ఓర్చేది అదే. ఉప్పు పొన్నను ఏటి అంచు తడి చోట్లకే ఉంచండి. కళింగ చెట్టుకు మంచినీటి చేరువ కావాలి, మొగకు దగ్గరగా పెడితే బతకదు. మొక్కను కాలువ అడుగులో గానీ గట్టు నెత్తిన గానీ పెట్టకండి. వాలు మధ్యలో, రోజూ పోటు తడిపి వెళ్లే చోట, రెండు మీటర్లకొకటి. తెల్ల మడ గింజ రాలాక పైతొక్క ఊడి వెంటనే మొలక తిరుగుతుంది, నిల్వ ఉండదు. ఏరిన ఒకటి రెండు రోజుల్లో సంచుల్లో వేసెయ్యాలి. నారుమడిలో ఉప్పునీళ్లు కొద్దికొద్దిగా పెంచుతూ అలవాటు చేయకపోతే పొలంలో పెట్టిన వారానికే ఆకు మాడుతుంది.

ఇంకొకటి. సముద్రం వైపు బురద మేటల మీద వరసలు కట్టి నాటడం ఫొటోలకు బాగుంటుంది. సగటు సముద్రమట్టం కంటే దిగువన ఏ మడ మొక్కా నిలవదు. రోజులో ఎక్కువ గంటలు మునిగితే వేరుకు గాలి అందదు, కాండానికి బార్నకిల్స్ (గట్టి పెంకుతో అంటుకుని పెరిగే చిన్న సముద్ర జీవులు) పట్టి బరువుకు వంగిపోతుంది, పచ్చపాచి చుట్టుకుంటుంది. పైగా ఆ బోడి బురద వలస పక్షుల మేత నేల. దాన్ని అలాగే వదిలెయ్యండి.

కెరటం_పోటు
మడనారు గారు చెప్పిన మట్టాల సంగతికి చిన్న చేర్పు. ఆ చోట నేల ఎత్తు తెలుసుకోవడానికి ఖరీదైన జీపీఎస్ అక్కర్లేదు. ఒక కర్రకు సెంటీమీటర్ల గుర్తులు పెట్టి ఏటి ఒడ్డున పాతండి. పోటు పట్టికలో కాకినాడకు ఇచ్చిన పోటు, పాటు ఎత్తులతో ఒక పక్షం రోజులు సరిచూడండి. ఏరు లోపలికి వెళ్లే కొద్దీ పోటు ఆలస్యమవుతుంది, ఎత్తు కూడా తగ్గుతుంది. ఆ తేడా తెలిశాక ఏ ముక్క నెలలో ఎన్నిసార్లు తడుస్తుందో లెక్క వేయొచ్చు. సప్తమి, అష్టమి పోట్లకు కూడా తడిసే నేల వేరు, పున్నమి, అమావాస్యలకే తడిసే నేల వేరు. ఈ రెండింటికీ ఒకే మొక్క రాసే ప్రణాళికను తిప్పి పంపాలి.

ఒండ్రు_లెక్క
సముద్రమట్టం సంగతికి వస్తాను. ఉత్తర హిందూ మహాసముద్రంలో 1993 నుంచి పెరుగుదల ఏటా 3.3 మిల్లీమీటర్ల దాకా ఉంది. అంతకు ముందు శతాబ్దంలో ఇది 1 నుంచి 1.75 మధ్యే. మడ అడవి దీనికి చేతులు కట్టుకుని కూర్చోదు. వేళ్లు ఒండ్రును పట్టి, కుళ్లిన వేళ్లు పోగై నేలను పైకెత్తుతాయి. గత 10 వేల ఏళ్ల మట్టి పొరలు చూసి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మట్టం ఏటా 6 మిల్లీమీటర్లు దాటి పెరిగితే మడ అడవులు దాంతో సమంగా ఎదగడం దాదాపు అసాధ్యం.

ఇందులో లెక్కించాల్సింది సముద్రం పెరిగేది ఒక్కటే కాదు, నేల కుంగేది కూడా కలపాలి. డెల్టా మట్టి తన బరువుకు తానే కుదించుకుంటుంది. పైన కొత్త ఒండ్రు పడుతున్నంతకాలం ఆ కుంగుబాటు తెలియదు. ధవళేశ్వరం దగ్గర 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు ప్రవహించేది, 1990లకు అది 5.7 కోట్లకు పడిపోయింది. మిగతాది పైన జలాశయాల్లో ఆగిపోయింది. 1976 నుంచి 2001 మధ్య గోదావరి డెల్టా అంచున నికరంగా 1,836 హెక్టార్లు సముద్రంలో కలిశాయి. కాబట్టి ఇక్కడ మట్టం పెరుగుదల సగం సముద్రం కథ, సగం నది కథ. పోలవరం జలాశయంలో ఎంత ఒండ్రు ఆగుతుందన్నది మీ నివేదికలో ఒక పేజీ అయినా ఉండాలి.

నేల లేస్తోందా, కుంగుతోందా అన్నది కొలిచే పద్ధతి ఒకటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలను మరలతో ఒకదానికొకటి కలుపుతూ ఇక దిగనంత వరకు కొట్టాలి. డెల్టాలో ఇది 15, 20 మీటర్లు కూడా పోవచ్చు. పైన కడ్డీ చుట్టూ పీవీసీ పైపు పెట్టి సిమెంటు పోస్తారు. దాని మీద సమతలంగా ఒక చేయి బిగించి, 9 సన్నటి పిన్నులు నేలకు ఆనే దాకా దించి, పైన మిగిలిన పొడవు కొలుస్తారు. నాలుగు దిక్కులకు తిప్పితే 36 కొలతలు. ఆరునెలలకోసారి అదే మనిషి కొలిస్తే మంచిది. పిన్ను పీత బొరియలో దిగితే ఆ అంకెకు గుర్తు పెట్టి లెక్కలోంచి తీసెయ్యాలి. చుట్టూ మెత్తటి అడుసులో తిరిగితే మీ అడుగుల బరువుకే నేల నొక్కుకుంటుంది, అందుకే ముందే చెక్క పలకల బాట వేసుకోవాలి.

పక్కనే అరమీటరు చదరంలో తెల్లటి ఫెల్డ్‌స్పార్ పొడి పరిచి, దాని మీద ఎంత ఒండ్రు పడిందో కోసి చూడటం మామూలు పద్ధతి. మన దగ్గర పీతలు ఆ పొరను కొన్ని నెలల్లోనే కలగాపులగం చేస్తాయి. గరుకు వైపు పైకి ఉండేలా సిరామిక్ పలకను నేల కింద పాతి, సన్న కడ్డీతో గుచ్చి లోతు కొలవడం మేలు. పైన పడిన ఒండ్రు 5 మిల్లీమీటర్లు, నేల లేచింది 2 అనుకోండి, మిగతా 3 కింద కుంగిందన్నమాట. ఒకటి రెండేళ్ల అంకెలతో తీర్పు చెప్పొద్దు. అయిదేళ్లు కావాలి.

వల_దారం
చెట్ల మీదే మాట్లాడుకుంటున్నాం, నీళ్లలో ఏం జరుగుతుందో కూడా రాయండి. కాకినాడ అఖాతం ఉప్పదనం ఒక్క గోదావరి మీదే ఆధారపడదు. ఫిబ్రవరి నుంచి మే దాకా తీర ప్రవాహం ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. ఆ దక్షిణ ప్రవాహం గంగా బ్రహ్మపుత్ర మంచినీళ్లను మన ఒడ్డు వెంట తెస్తుంది. అందుకే గోదావరి వరద తగ్గాక కూడా నవంబరులో పైనీరు పలచగానే ఉంటుంది. ఈ పలచటి పొర మూతలా ఉండి, కింది చల్లటి పోషకాల నీటిని పైకి రానివ్వదు. పైపొర ఇంకా వేడెక్కితే ఆ మూత ఇంకా బిగుస్తుంది.

అఖాతంలో గుల్లలకు అసలు ముప్పు వరద. పెద్ద వరదకు నీళ్లు రోజుల తరబడి మంచినీళ్లయితే గుల్ల మూసుకుని మేత మానేస్తుంది. దాని మీద ఒండ్రు పడితే ఊపిరాడక చస్తుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పటి లాంటి వరద తర్వాత రెండు వారాల్లోపు అడుగున గీకుడు నమూనా తీసి, బతికినవి, చచ్చినవి, నోరు తెరిచిన ఖాళీ గుల్లలు విడివిడిగా లెక్కపెట్టాలి. నెల దాటితే కొత్త చావో పాత చిప్పో తేల్చలేం.

పీత పిల్లలు, రొయ్య పిల్లలు మడ ఏరుల్లో ఏ నెలల్లో దిగుతున్నాయో కూడా రాయించండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం మరపడవలకు సరే, ఏరుల్లో సన్నకన్ను వలలకు ఆ లెక్క పట్టదు. ఉప్పు, వేడి మారి పిల్లలు దిగే కాలం జరిగితే పాత తేదీలు కాపాడవు.

తాబేటి_గూడు
ఇసుక మేటల సంగతి ఎవరూ ఎత్తలేదు. కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్, దక్షిణాన సఖినేటిపల్లి వైపు తీరాలలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. గూడు ఇసుక వేడి సుమారు 29, 30 డిగ్రీల దగ్గర ఉంటే ఆడ, మగ పిల్లలు ఇంచుమించు సమానం. అంతకంటే పెరిగే కొద్దీ ఆడవే ఎక్కువవుతాయి, 34, 35 దాటితే పిండాలే చస్తాయి. మార్చి చివరికి మన ఇసుక ఆ హద్దుకు చేరువలోనే ఉంటుంది.

హేచరీలో (గుడ్లను కాపాడి పొదిగించే చోటు) గుడ్లు తిరిగి పాతేటప్పుడు లోతు 45 సెంటీమీటర్లకు తగ్గకూడదు. గుడ్ల పక్కనే వేడిని తానే నమోదు చేసే చిన్న లాగర్ పెట్టండి. పొదిగే కాలం మొత్తం 45 నుంచి 60 రోజులైతే, మధ్య మూడో వంతులోనే లింగం తేలిపోతుంది. నీడ వల వేస్తే ఆ రోజుల్లోనే వేయాలి. మొత్తం హేచరీకి ముదురు నీడ వేయకుండా సగానికి 50 శాతం నీడనిచ్చే వల వేసి తేడా చూడండి. సరుగుడు తోటలను పోటు గీత దాకా తెచ్చి నాటడం ఆపించండి. వేళ్లు గూటికి అడ్డం, రాలిన ఆకుల మెత్త తవ్వడానికి అడ్డం. మేట కోసుకుపోయినప్పుడు తాబేలు వెనక్కి జరగడానికి చోటు ఉండదు.

డెల్టా_మట్టి
వెనక్కి జరిగే చోటు అనగానే గుర్తుచేయాలి, మడ అడవికీ అదే సమస్య. మట్టం పెరిగితే అడవి లోపలికి జరగాలి. లోపల రొయ్యల చెరువు గట్టు ఉంటే అక్కడే ఆగి మునుగుతుంది. ఉప్పాడ వైపు చూడండి. గోడకు రాళ్లు పోసినా, జియో ట్యూబులు (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు) వేసినా అలలు వాటిని దాటి పోతున్నాయి. ఇసుక ఉత్తరానికి నడిచే దారిలో అది రాకుండా పోయిన చోట గోడ ఒక్కటే ఏం చేస్తుంది? పటంలో ప్రతి మడ ముక్క వెనక 500 మీటర్ల దాకా ఏముందో గుర్తించండి: ఖాళీ చవుడు, పాడుబడ్డ చెరువు, నడుస్తున్న చెరువు, రోడ్డు, ఊరు. బలహీనతకు ఇంతకంటే సూటైన సూచిక లేదు.

లంకగాలి
పాడుబడ్డ చెరువులు కొన్ని ఉన్నాయి. గట్టు తెంపితే చాలంటున్నారు కొందరు. ఎక్కడ, ఎంత తెంపాలి?

మడనారు
చెరువు తవ్వక ముందు అక్కడ ఏరు ఏ దారిన పోయేదో పాత టోపోషీట్లలో, పాత ఉపగ్రహ చిత్రాల్లో వెతకండి. తెంపు అక్కడే పెట్టాలి. తూము ఉన్న చోట తెంపడం సులువే గానీ అది చెరువు సౌకర్యానికి పెట్టింది, నీటి దారికి కాదు. ఒకటి సరిపోదు, వీలైతే రెండు మూడు. లోతు చెరువు అడుగు దాకా పోవాలి, పైపైన తెంపితే నీళ్లు లోపలే నిలిచి ముందు చెప్పిన గుంట కథే అవుతుంది.

గట్టు వెంబడి లోపల ఉండే చుట్టుకాలువను మరవకండి. దాన్ని వదిలేస్తే వచ్చిన పోటు మొత్తం ఆ కాలువలోనే తిరిగి బయటికి పోతుంది, నడిమి నేల తడవదు. తెంపిన గట్టు మట్టితోనే దానికి అక్కడక్కడా అడ్డకట్టలు వేయండి.

తెంపే ముందు మట్టిని పీహెచ్ పేపరుతో చూడండి. కుళ్లు గుడ్డు వాసన వచ్చే నల్ల మట్టి ఎండితే ఆమ్లం పుడుతుంది, పీహెచ్ 4 కిందికి పోతుంది, పగుళ్లలో లేత పసుపు మరకలు కనిపిస్తాయి. అలాంటి చెరువును ఎండగట్టి దున్నకూడదు, త్వరగా పోటుకు తెరిచి తడిగానే ఉంచాలి. మొదటి కొన్ని పోట్ల నీళ్లు నేరుగా పక్క చెరువు తూములోకి పోకుండా చూసుకోండి, అక్కడి రొయ్య చచ్చిపోతుంది.

వెయ్యి చదరపు మీటర్లు దాటిన మడ అడవి చుట్టూ 50 మీటర్ల దాకా సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నిబంధనలు వర్తిస్తాయి. గట్టు తెంపడానికీ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత ఒక సీజను ఏమీ నాటకుండా ఆగండి. వరద తీశాక తేలివచ్చిన గింజ నేల పట్టిందో లేదో పది అడుగుల చదరాలు వేసి లెక్కపెట్టండి. చదరానికి ఒక్క మొలక కూడా రాకపోతే అప్పుడు నారు తెప్పించండి. వస్తే మేక, గేదె రాకుండా కంచె ఒక్కటి చాలు.